బక్షీసు ఎవరివ్వాలి?

గత సంవత్సరం మన కళాశాల విద్యార్థులము నాగార్జునసాగరు విహారయాత్రకు వెళ్ళి వచ్చాము. ఆ యాత్రను గురించి వ్రాయదగిన విషయాలు ఎన్నో ఉన్నాయి. కృష్ణమ్మను నిలువరించిన ఆ మహానిర్మాణాన్ని గురించీ, జలాశయం నడుమ నాగార్జునకొండ మీది మ్యూజియాన్ని గురించీ, ఎత్తిపోతల జలపాతాన్ని గురించీ వ్రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. మేము వ్రాయదలచింది మాత్రం యాత్ర ముగిసిన తరువాత, రాత్రి పదకొండున్నర గంటలకు, కోదాడలో జరిగిన ఒక చిన్న సంగతి. చిన్నదే గాని, ఏడాది గడచినా అది మా మనస్సును వదలలేదు.

ఆనాడు మా బస్సు తెల్లవారుజామున నాలుగు గంటలకు కోదాడలో బయలుదేరింది. సూర్యాపేటలో కొందరిని, మిర్యాలగూడలో మరికొందరిని ఎక్కించుకొని హాలియా మీదుగా సాగరు చేరింది. తిరుగు ప్రయాణంలో ఆ వరుస తలక్రిందులయింది. మొదట మిర్యాలగూడ వారు దిగారు. తరువాత సూర్యాపేట వారు. చిట్టచివరకు కోదాడ వారము. ప్రతిచోటా క్లీనరు కుర్రవాడు బస్సుపైకి ఎక్కి వంటపాత్రలను, సంచులను అందిస్తుంటే, డ్రైవరు స్వయంగా అందుకొని క్రింద పెట్టాడు. ప్రతిచోటా ఒకే మాట అన్నాడు: "అందరు దిగిన్రా? సీట్ల కింద ఏమన్న మర్చిపోయిన్రేమో ఒక్కసారి సూసుకోన్రి." సూర్యాపేట దాటిన తరువాత ఒక విద్యార్థిని మరచిపోయిన చేతిగడియారం క్లీనరుకు దొరికింది. అతడు దానిని కాగితంలో చుట్టి, "పొద్దుగాల్ల ఆ అక్కకు ఇయ్యున్రి" అంటూ మా చేతిలో పెట్టాడు.

కోదాడలో మిగిలినవారము ఏడుగురము. సామాను దించుకొన్నాము. డ్రైవరు తలుపు పట్టుకొని ఒక్క నిమిషం నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకొని, "సరే మరి, పోయొస్త" అని బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క నిమిషం అతడు దేనికోసం నిలబడ్డాడో మాకు తెలియకపోలేదు. అయినా మాలో ఏ ఒక్కరి చెయ్యీ జేబులోనికి పోలేదు.

మరునాడు కళాశాలలో ఈ ప్రసక్తి వచ్చింది. మిర్యాలగూడ మిత్రులు అన్నారు: "మేము ముందే దిగిపోయాము. సూర్యాపేట వాళ్ళే ఎక్కువమంది కదా, వాళ్ళు పోగుచేసి ఇచ్చి ఉంటారనుకొన్నాము." సూర్యాపేట మిత్రులు అన్నారు: "చివరిదాకా ఉండేది కోదాడ వాళ్ళు. దిగేటప్పుడు ఇవ్వడమే పద్ధతి కదా!" కోదాడ వారమైన మేము అనుకొన్నది వేరు: బస్సు కిరాయి చెల్లించిన కమిటీ వారే ఆ సంగతి కూడా చూసి ఉంటారని. కమిటీలోని ఒక పెద్దను వినయంగా అడిగితే, కిరాయిలో డ్రైవరు బత్తా కలిసే ఉంటుందనీ, అది బస్సు యజమాని చూసుకొంటాడనీ సెలవిచ్చారు. తరువాత బాకీ కిరాయి ఇవ్వబోయిన మిత్రునితో యజమాని నవ్వుతూ అన్నాడట: "బత్తా ఏముందయ్యా, పిల్లలు ఇస్తరు గద!"

ఈ విధంగా యాభైమందిని పంతొమ్మిదిన్నర గంటలు క్షేమంగా త్రిప్పి తెచ్చిన ఇద్దరు మనుష్యులు, ఒకరు ఇచ్చి ఉంటారని మరొకరు అనుకొన్నందువల్ల, ఉత్తచేతులతో ఇంటికి వెళ్ళారు. ఇందులో దుర్మార్గుడు ఒక్కడూ లేడు. అందరూ మంచివారే. అదే ఇందులోని విచారకరమైన విషయం.

ప్రయాణం చేసేవాడు ఒకడు, కిరాయి ఇచ్చేవాడు మరొకడు అయినప్పుడు, మధ్యలో బండి నడిపినవాని పట్ల బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్న ఒక్క విహారయాత్రది కాదు. పెండ్లి బస్సులో ఎక్కిన చుట్టాలది. పోటీపరీక్షకు కళాశాల వాహనంలో పోయే విద్యార్థులది. శంషాబాదు విమానాశ్రయానికి కిరాయి కారులో బయలుదేరిన కుటుంబానిది. డబ్బిచ్చి టికెట్టు కొన్నవానికి తాను ఏమి ఇచ్చాడో తెలుసు. ఉచితంగా ఎక్కినవానికి మాత్రం తాను ఎవరికీ ఏమీ బాకీ లేనట్లు తోస్తుంది. ఆ తోచడమే పొరపాటు అని మేము మనవి చేయదలచాము.

ఈ ప్రశ్న ఆకాశంలో ఎగిరేవారికి కూడా తప్పలేదు. విమానం నడిపే పైలట్లు, అందులో పనిచేసే సిబ్బంది, రాత్రి ఏదో ఒక పరాయి నగరంలో దిగుతారు. వారికి విమాన సంస్థ ముందుగానే హోటలులో గదులు మాట్లాడి ఉంచుతుంది. హోటలువారి వ్యాను వచ్చి, వారిని తీసికొనిపోయి, మరునాడు మళ్ళీ విమానాశ్రయంలో దింపుతుంది. సిబ్బంది దానికి పైసా ఇవ్వనక్కరలేదు. అయితే అర్ధరాత్రి లేచి వచ్చి, వారి పెట్టెలను ఎత్తిపెట్టి దించేవాడు ఒక డ్రైవరు. అమెరికాలో అటువంటి డ్రైవరుకు ఒక్కొక్కరు ఒకటి రెండు డాలర్లు చేతిలో పెట్టడం ఆనవాయితీ. అయినా అక్కడా మన సాగరు బస్సులోని తర్జనభర్జనే. పెద్ద జీతం కెప్టెనుది కాబట్టి అందరి తరపున ఆయనే ఇవ్వాలా? ఎవరి పెట్టెకు వారే ఇచ్చుకోవాలా? హోటలువాడు జీతమిస్తున్నాడు గనుక ఎవరూ ఇవ్వనక్కరలేదా? వేలాది అడుగుల ఎత్తున ఎగిరి వచ్చినవారు కూడా నేలమీది ఈ చిన్న ప్రశ్న దగ్గర తడబడుతున్నారు.

అమెరికా ఆచారాన్ని మనం కళ్ళు మూసుకొని అనుకరించవలసిన పని లేదు. ఎందువల్లనంటే అక్కడ బక్షీసు జీతంలోనికి చొరబడింది. 1966లో ఆ దేశపు కనీస వేతన చట్టానికి చేసిన సవరణ, పనివానికి ప్రజలు ఇచ్చే టిప్పును అతని కనీస వేతనంలో కొంతభాగంగా లెక్క కట్టుకోవడానికి యజమానికి వీలు కల్పించింది. ఆ ప్రకారం టిప్పు పుచ్చుకొనే ఉద్యోగికి యజమాని తన సొంత పెట్టె నుండి గంటకు తప్పనిసరిగా ఇవ్వవలసిన కేంద్ర వేతనం 1991 నుండి 2.13 డాలర్ల దగ్గరే నిలిచిపోయింది. చాలా రాష్ట్రాలు తమ సొంత చట్టాలతో దానిని పెంచుకొన్నాయి గాని, కేంద్ర చట్టంలోని అంకె మారలేదు. అంటే బాటసారి దయతో ఇచ్చినది యజమాని బాధ్యతను తగ్గించిందన్నమాట. ఇచ్చేవాడు డ్రైవరుకు ఇస్తున్నాననుకొంటాడు. నిజానికి అందులో కొంత యజమాని పెట్టెలో పడుతుంది.

ఆ దేశంలోనే దీనికి ఎదురు నిలిచినవారి చరిత్ర కూడా ఉంది. పుల్‌మన్ కంపెనీ రైలు శయనపెట్టెలలో పోర్టర్లుగా పనిచేసిన నల్లజాతివారు ప్రయాణికుల బక్షీసు మీదనే బ్రతకవలసి వచ్చేది. వారి పేర్లను కూడా ఎవరూ అడిగేవారు కారు. కంపెనీ యజమాని పేరుతో అందరినీ 'జార్జి' అనే పిలిచేవారు. 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన వారు సంఘం కట్టుకొన్నారు. పన్నెండు సంవత్సరాలు పోరాడి 1937లో కంపెనీతో ఒప్పందం సాధించారు. నెలకు 400 గంటలుగా ఉన్న పని 240 గంటలకు తగ్గింది, జీతం పెరిగింది. ప్రయాణికుల దయ పెరగాలని వారు ప్రార్థించలేదు. తగిన జీతాన్ని, విశ్రాంతిని హక్కుగా అడిగారు. బక్షీసును గురించి ఆలోచించే ప్రతివాడూ గుర్తుంచుకోదగిన పాఠమిది.

ఇక మన భాషల సంగతి చూద్దాము. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు ప్రక్కప్రక్కన కూర్చొని చదువుకొంటాయి. ఈ విషయానికి సంబంధించిన మాటలు చాలావరకు ఉర్దూ గుమ్మం గుండా తెలుగింటిలోనికి వచ్చినవే. 'బక్షీసు' పారశీక పదం. ఇవ్వడం దాని అర్థం. క్షమించడం అనే అర్థం కూడా దానికి ఉంది. 'ఇనాము' అరబ్బీ పదం, మెచ్చి ఇచ్చినది. 'మామూలు' కూడా అరబ్బీ నుండి వచ్చినదే. వాడుకలో ఉన్న ఆచారం అని అర్థం. ఈ మూడు మాటలను వరుసగా పేర్చి చూస్తే ఒక దిగుడుమెట్ల దారి కనిపిస్తుంది. మనస్ఫూర్తిగా ఇచ్చినది బక్షీసు. దానిని పెద్దరికం చూపడానికి ఇస్తే ఇనాము. ఇవ్వకపోతే పని జరగదనే స్థితి వస్తే మామూలు. ఈనాడు తెలుగులో 'మామూలు' అనే మాట వినగానే సామాన్యం అనే అర్థంతో పాటు లంచం అనే అర్థం కూడా స్ఫురించడం మన సమాజాన్ని గురించి నిఘంటువు చెప్పని సత్యం చెబుతున్నది.

ఇనాము కథ మన తాత ముత్తాతలకు బాగా తెలుసు. గ్రామానికి చాకిరి చేసిన వానికి జీతం కాక భూమిని ఇనాముగా ఇచ్చే పద్ధతి ఒకప్పుడు ఉండేది. ఇచ్చినవాని చల్లని చూపు ఉన్నంతవరకే అది నిలిచేది. 1955లో తెలంగాణ ప్రాంతానికి ఇనాముల రద్దు చట్టం వచ్చింది. దయగా ఇచ్చినదానిని దయ తప్పిననాడు తీసికొనవచ్చు; హక్కుగా వచ్చినదానిని తీసికొనలేరు. కూలికీ బక్షీసుకూ ఉన్న తేడా అదే.

ఈ తేడా మన మూడు పట్టణాలలోనూ ప్రతిదినం కంటికి కనిపిస్తుంది. మిర్యాలగూడ బియ్యం మిల్లులకు పేరుపొందిన ఊరు. అక్కడ లారీకి బస్తాలెత్తే హమాలీ కూలి బస్తాకింత అని ముందే ఖరారవుతుంది. ఆ రేటు కోసం హమాలీలు బేరమాడతారు, అవసరమైతే పని నిలిపివేస్తారు. సాయంకాలం కూలి పుచ్చుకొనేటప్పుడు హమాలీ తల వంచడు. ఎవరికీ సలాము చేయడు. లెక్క సరిపోయిందా లేదా అని మాత్రమే చూస్తాడు. అది అతని చెమట ధర. అదే లారీని రాత్రంతా నడిపే డ్రైవరు విషయంలోనూ, అతని ప్రక్కన కూర్చొనే క్లీనరు విషయంలోనూ లెక్క ఇంత స్పష్టంగా ఉండదు. జీతం కొంత, బత్తా కొంత, దారిలో దొరికినది కొంత.

సూర్యాపేటను చూద్దాము. హైదరాబాదు, విజయవాడల నడుమ ఒకప్పుడు 9వ నంబరుగాను, నేడు 65వ నంబరుగాను పిలువబడే జాతీయ రహదారిమీద అది ఒక మజిలీ. రాత్రింబవళ్ళు బస్సులు ఆగుతాయి. ప్రయాణికులు దిగి టీ త్రాగుతారు, భోజనం చేస్తారు. ఇటువంటి మజిలీ హోటళ్ళలో బస్సు తెచ్చిన డ్రైవరుకు భోజనం ఉచితంగా పెట్టడం దేశమంతటా ఉన్న ఆనవాయితీ. ఆ భోజనం హోటలు యజమాని దయ అనుకొంటాము. కాదు. మన ముందు పెట్టిన ఇడ్లీ ధరలోనే డ్రైవరు భోజనం కూడా ఉంటుంది. ఇచ్చింది మనమే, పేరు మాత్రం మరొకరిది. పైగా ఆ అన్నం కోసం డ్రైవరు ప్రయాణికుల సౌకర్యాన్ని కాక హోటలువాని పిలుపును చూసి బండి ఆపవలసి వస్తుంది. యజమాని బత్తా సరిగా ఇస్తే, డ్రైవరు తన డబ్బుతో తనకు నచ్చినచోట తినగలడు గదా! చాటున చేరే బక్షీసు పుచ్చుకొనేవాని స్వేచ్ఛను కూడా పుచ్చుకొంటుంది.

ఇక విమానాశ్రయ యాత్ర. 2008లో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైనప్పటి నుండి మన ప్రాంతపు కుటుంబాలకు ఆ దారి బాగా పరిచయమయింది. అమెరికాకు చదువుకోవడానికి పోయే కుమారునికోసం, గల్ఫు దేశానికి పనికి పోయే తండ్రికోసం, కోదాడ నుండో సూర్యాపేట నుండో కారు మాట్లాడుకొని రాత్రివేళ బయలుదేరుతారు. పెట్టెలు తూకం సరిపోయాయా లేదా అని ఇంటిల్లిపాదీ ఆందోళన పడుతుంటే, వాటిని డిక్కీలోనికి ఎత్తినవాడు డ్రైవరు. లోపలికి పోయేవాడు తల్లిదండ్రులకు దండం పెట్టి, మిత్రులను కౌగిలించుకొని పోతాడు. డ్రైవరువైపు చూసేవారు అరుదు. తిరుగు ప్రయాణంలో వెనుక సీటులో ఏడుస్తున్న తల్లికి ఎక్కడ మంచినీళ్ళు కావాలో చూసి బండి ఆపేది కూడా అతడే. కారు యజమానికి కిలోమీటరుకింత అని కిరాయి ముట్టుతుంది. ఆ జాగ్రత్త మాత్రం కిలోమీటర్ల లెక్కలోనికి రాదు.

ఇక్కడ కొందరు మిత్రులు లేవనెత్తే ఆక్షేపణలకు సమాధానం చెప్పవలసి ఉన్నది.

మొదటి ఆక్షేపణ: "అది అతని ఉద్యోగం. జీతం తీసికొంటున్నాడు. మనమెందుకు ఇవ్వాలి?" ఈ మాటలో న్యాయముంది. అందువల్లనే ఆర్టీసీ బస్సు డ్రైవరుకు, కండక్టరుకు మనం బక్షీసు ఇవ్వము, ఇవ్వకూడదు కూడా. వారు సంస్థ ఉద్యోగులు. వారి వేతనం, సెలవు, విశ్రాంతి నియమబద్ధమైనవి. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో మహాలక్ష్మి పథకం క్రింద మన సోదరీమణులు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో సున్నా టికెట్టుతో ఉచితంగా ప్రయాణిస్తున్నారు. టికెట్టు ధర సున్నా అయినంత మాత్రాన కండక్టరు శ్రమ సున్నా కాలేదు. క్రిక్కిరిసిన బస్సులో అది పెరిగింది. అక్కడ మనం ఇవ్వవలసింది డబ్బు కాదు. ఆధారు కార్డు ముందుగా చేతిలో సిద్ధంగా ఉంచుకోవడం, దిగేచోటు సరిగా చెప్పడం, 'ఏయ్ కండక్టర్' అనక 'అన్నా' అనో 'అక్కా' అనో పిలవడం. కాని మా సాగరు బస్సు డ్రైవరుకు అటువంటి రక్షణ ఏదీ లేదు. అతని బత్తా ఎవరిస్తారో చెప్పగలిగిన కాగితం ఒక్కటి కూడా లేదు. జీతం స్పష్టంగా ఉన్నచోట మర్యాద చాలు. అది స్పష్టంగా లేనిచోట మర్యాద ఒక్కటే చాలదు.

రెండవ ఆక్షేపణ: "బక్షీసు ఇవ్వడం మనిషిని చిన్నబుచ్చడం కాదా?" ఇచ్చే తీరును బట్టి ఉంటుంది. జపాను దేశంలో టిప్పు ఇచ్చే ఆచారం లేదు, ఇవ్వబోతే ఇబ్బందిపడతారు. మంచి పని చేయడం ఉద్యోగ ధర్మమనీ, దానికి వేరే వెల లేదనీ వారి భావన. అది గొప్ప భావనే. ఐతే డ్రైవరు ఆకలిని చూడకుండా అతని ఆత్మగౌరవాన్ని మాత్రమే మనం కాపాడబూనడం కొంచెం సౌకర్యంగా కనిపిస్తుంది, మన జేబుకు. చిన్నబుచ్చేది డబ్బు కాదు. కిటికీలోనుండి విసిరిన నాణెం చిన్నబుచ్చుతుంది. నలుగురి ఎదుట 'ఇంద, తీసుకో' అన్న స్వరం చిన్నబుచ్చుతుంది. పేరు అడిగి, శ్రమను గుర్తించి, చేతిలో పెట్టినది ఎవరినీ చిన్నబుచ్చదు.

మూడవ ఆక్షేపణ: "మేము విద్యార్థులము. మా దగ్గర డబ్బెక్కడిది?" ఇది నిజమే. మనలో చాలామంది ఇంటి నుండి లెక్కపెట్టి తెచ్చుకొన్న పైకంతో చదువుకొనేవారము. అయితే ఆ రోజు సాగరులో ఫోటోల కోసం, ఐస్‌క్రీముల కోసం మనమందరమూ ఖర్చు చేశాము. యాభైమంది ఒక్కొక్క టీ ధర మాత్రం ఇచ్చి ఉన్నా, ఇద్దరు శ్రామికులకు ఆ రోజు సంతోషంగా గడిచేది. చిల్లర లేదనే సాకు కూడా ఇప్పుడు చెల్లదు. 2016లో యూపీఐ వచ్చిన తరువాత కూరగాయల బండి దగ్గర కూడా ఫోనుతోనే ఇస్తున్నాము. అయితే ఇందులో ఒక మెలకువ అవసరం. బస్సు అద్దం మీద అంటించిన స్కానరు సాధారణంగా యజమానిది. దానికి పంపిన డబ్బు డ్రైవరును చేరుతుందన్న నమ్మకం లేదు. అందువల్ల అతని సొంత నంబరు అడిగి పంపాలి. లేదా చేతికే ఇవ్వాలి.

బక్షీసు ఇచ్చే మర్యాదను గురించి మాకు తోచిన నాలుగు మాటలు చెబుతాము. మొదటిది, బండి ఎక్కేటప్పుడే ఒకరిని బాధ్యునిగా నియమించాలి. అందరి బాధ్యత అన్నది ఎవరి బాధ్యతా కాకుండా పోతుందని మా అనుభవం. మొదటి బృందం దిగకముందే, మా విషయంలోనైతే మిర్యాలగూడకు ముందే, సొమ్ము పోగు కావాలి. రెండవది, క్లీనరు వాటాను క్లీనరు చేతికే ఇవ్వాలి. పెద్దవాని చేతికిచ్చి 'ఇద్దరూ పంచుకోండి' అంటే చిన్నవానికి ఎంత చేరుతుందో చెప్పలేము. మూడవది, బక్షీసును పని ముగిసిన తరువాతనే ఇవ్వాలి. ఇంకా వేగంగా పోనిమ్మనడానికీ, వరుస తప్పించి ముందుకు పోవడానికీ ఇవ్వరాదు. అది మామూలు అవుతుంది. 2025 మే నెలలో ప్రయాణానికి ముందే టిప్పు అడుగుతున్నందుకు ఊబర్ సంస్థకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసు ఇచ్చిన సంగతి పత్రికలలో వచ్చింది. హోటలు బిల్లులో సేవా రుసుమును నిర్బంధంగా వేయరాదని అదే సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. బలవంతాన పుచ్చుకొన్నది బక్షీసు కాదని చట్టం కూడా అంటున్నది. నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: డబ్బిచ్చాము గదా అని అన్నం, నిద్ర మరచిపోరాదు.

ఈ చివరి మాటను మేము కొంచెం వివరించాలి. ఎందుకంటే మా మనస్సును నిజంగా కలచివేసింది అదే.

సాగరులో మధ్యాహ్నం మేమంతా చెట్ల నీడన వరుసగా కూర్చొని భోజనం చేశాము. డ్రైవరు, క్లీనరు అందరి తరువాత, గిన్నెలు అడుగంటిన వేళ తిన్నారు. మేము మ్యూజియానికి పడవ మీద పోయిన వేళ డ్రైవరు ఎండలో నిలిపిన బస్సులో, రెండు సీట్ల మధ్య కాళ్ళు ముడుచుకొని, కునుకు తీయబోయాడు. కునుకు పట్టకముందే మాలో కొందరు తిరిగి వచ్చి పాటలు పెట్టించుకొన్నారు. ఆ మనిషే సాయంకాలం స్టీరింగు పట్టుకొని, చీకటిలో, యాభైమంది ప్రాణాలను మూడు ఊళ్ళకు చేర్చాడు. రాత్రి సూర్యాపేట దాటి జాతీయ రహదారి ఎక్కిన తరువాత అతడు రెండుసార్లు బండి ప్రక్కకు ఆపి ముఖాన నీళ్ళు చల్లుకొన్నాడు. అప్పుడు మేము 'ఎందుకు ఆలస్యం చేస్తున్నాడు' అని విసుక్కొన్నాము. ఇప్పుడు తలచుకొంటే ఒళ్ళు జలదరిస్తుంది.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పనిని రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు పరిమితం చేసింది. వరుసగా 5 గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనీ, విరామాలతో కలిపి అతని దినం 12 గంటలు దాటరాదనీ నిర్దేశించింది. అయిదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే అది వర్తించేది. ఒకటి రెండు బస్సులున్న చిన్న యజమాని దాని చేతికి చిక్కేవాడు కాడు. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త కార్మిక స్మృతిలో ఆ పాత చట్టాన్ని విలీనం చేశారు. చట్టం పేరు ఏదైనా కానివ్వండి, మనిషి కంటికి కావలసిన నిద్ర మారలేదు. మా డ్రైవరు ఆనాడు నాలుగు గంటల నుండి పదకొండున్నర వరకు పనిలో ఉన్నాడు. ఏ బక్షీసూ ఆ నిద్రకు బదులు కాజాలదు.

కాబట్టి కళాశాల కమిటీలోని పెద్దలకు మా విన్నపం ఇది. ఇకమీదట ఏ విహారయాత్రకు బస్సు మాట్లాడినా, ఖర్చుల కాగితంలో మూడు పంక్తులు అదనంగా చేర్చవలసినదిగా కోరుతున్నాము. ఒకటి, డ్రైవరు బత్తా ఇంత, క్లీనరు బత్తా ఇంత, దానిని ఇచ్చేవారు ఫలానా అని స్పష్టంగా వ్రాయడం. రెండు, వారిద్దరికీ మొదటి పంక్తిలో మనతోపాటు భోజనం. మూడు, మధ్యాహ్నం రెండు గంటలైనా పడుకోవడానికి ఫ్యాను క్రింద ఒక మంచం. యాత్ర పన్నెండు గంటలు మించితే రెండవ డ్రైవరు లేదా రాత్రి బస. ఇందువల్ల తలసరి చందా కొంత పెరుగుతుంది. పెరగనివ్వండి. ఆ పెరుగుదలను భరించలేనివారికి సహాయం చేయడానికి విద్యార్థులమైన మేము ముందుంటాము. ఇంత చేసిన తరువాత, దిగేటప్పుడు విద్యార్థులు ప్రేమతో ఇచ్చేది నిజమైన బక్షీసు అవుతుంది. అది జీతానికి బదులుగా కాక, జీతం మీద వచ్చిన పువ్వుగా ఉంటుంది.

మిత్రులారా! మనలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు, కొందరు వ్యాపారులవుతారు, కొందరు శంషాబాదులో విమానమెక్కి దూరదేశాలకు పోతారు. ఎవరో ఒకరు కిరాయి చెల్లించిన వాహనాలలో మనల్ని ఎక్కించుకొని పోయే రోజులు వస్తాయి. ఆ రోజున ముందు సీటులో కూర్చొని బండి నడిపే మనిషికి ఒక పేరున్నదనీ, అతడు ఎప్పుడు తిన్నాడో, ఎప్పుడు పడుకొన్నాడో అడగవలసిన బాధ్యత మనదేననీ జ్ఞాపకముంచుకొంటే, ఈ వ్యాసం వ్రాసిన శ్రమ ఫలించినట్లే.

చివరగా ఒక సంగతి చెప్పి ముగిస్తాము. ఆ చేతిగడియారాన్ని దాని యజమానురాలికి మరునాడే అప్పగించాము. ఆమె చాలా సంతోషించి, దానిని కనుగొన్న క్లీనరు పేరేమిటని అడిగింది. ఉదయం నాలుగు గంటల నుండి రాత్రి పదకొండున్నర వరకు అతనితో కలిసి ప్రయాణించిన మాలో ఒక్కరికి కూడా అతని పేరు తెలియదు.